లూప్ లైన్ అభిమాని

భూపాలపల్లి బొగ్గుగని ల్యాంపు రూములో ఎల్లస్వామి చెవులంటే ఒక వింత. షిఫ్టుకు వచ్చిన కార్మికుడు కిటికీలోంచి తన నంబరు బిళ్ల లోపలికి జార్చాలి. ఎల్లస్వామి దాన్ని కొక్కేనికి తగిలించి, టోపీకి పెట్టుకునే లైటు అందించాలి. పని దిగి లైటు వాపసు ఇచ్చినవాడికి బిళ్ల తిరిగి ముడుతుంది. కొక్కేనికి బిళ్ల వేలాడుతోందంటే దాని మనిషి ఇంకా భూమి కిందే ఉన్నాడన్నమాట. ఎల్లస్వామి తల ఎత్తకుండానే, బిళ్ల చెక్క మీద పడిన చప్పుడు విని, "ఏం కొమురయ్యా, గింత ఆలిశమాయె" అనేవాడు. పదింట తొమ్మిదిసార్లు అది కొమురయ్యే.

తొంభై ఎనిమిదిలో గని కప్పు నుంచి పెళ్ల ఊడి కాలు మీద పడ్డాక కంపెనీ ఆయనకు ఈ పైపని ఇచ్చింది. అప్పటినుంచి కుంటుతూ నడుస్తాడు. లోపలికి దిగేవాళ్లు "నీదేంది ఎల్లన్నా, నీడపట్టు కొలువు" అని నవ్వితే తనూ నవ్వేవాడు గానీ, లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. ఆ ముల్లును గుర్తుపెట్టుకోండి. ముందు ముందు దానితో పని ఉంది.

ఇంత మంచి చెవులను ఆయన ఎవరికి అప్పజెప్పాడంటే, ఒక పాత ఇంగ్లీషు పాటల బ్యాండుకు. పేరు లూప్ లైన్. డెబ్బై మూడు నుంచి డెబ్బై ఎనిమిది దాకా కాజీపేట రైల్వే కాలనీలో నలుగురు రైల్వే మనుషులు డ్యూటీలు మార్చుకుని మరీ వాయించిన బ్యాండు అది. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి ప్యాసింజరు బండిని పక్క పట్టాల మీదికి తోసి ఆపుతారు చూడండి, ఆ పక్క పట్టాలే లూప్ లైన్. తమ బతుకు అంతేనని తెలిసి ఆ పేరు పెట్టుకున్నారో, పెట్టుకున్నాక బతుకు అట్లా అయిందో చెప్పలేం. బొంబాయి, కలకత్తా బ్యాండ్ల ఫొటోలు పేపర్లలో పడ్డాయి. వీళ్లు తలా కొంత వేసుకుని రెండు పాటల చిన్న రికార్డు రెండు వందల కాపీలు వేయించుకుంటే, సగం కాపీలు దారిలోనే వానకు నాని అప్పడాల్లా వంకర్లు పోయాయి. మిగిలిన సగం ఎవరు కొన్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఎల్లస్వామిది చిల్పూరు. డెబ్బై ఆరులో, పదిహేనేళ్లప్పుడు, కాజీపేట లోకోషెడ్డులో ఖలాసీగా ఉన్న మేనమామ ఇంటికి పోయి, రైల్వే ఇన్‌స్టిట్యూట్ ప్రహరీ బయట నిలబడి ఆ బ్యాండును విన్నాడు. ఇంగ్లీషు ముక్క రాదు. గొంతు మాత్రం అర్థమయింది. పాడేవాడి పేరు ఆషీ అన్నారు. గరుకైన, పొడుగాటి గొంతు. బండెక్కబోయే మనిషిని ఒక్క నిమిషం ఆగమన్నట్టు ఉండేది.

ఏడేళ్ల తరువాత ఒకనాడు మోటారు సామాను కోసం జనగామ వచ్చి స్టేషన్ రోడ్డులో నడుస్తుంటే, రేడియోలు బాగుచేసే ఒక దుకాణంలోంచి అదే గొంతు వినబడింది. ఎల్లస్వామి నడిరోడ్డు మీద ఆగిపోయాడు. వెనకనుంచి వచ్చిన రిక్షావాడు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. దుకాణదారు సోమనర్సయ్య. బాగుచేయడానికి వచ్చిన రికార్డు ప్లేయరు పళ్లెం మీద ఈ రికార్డు ఉండిపోయిందట, దాని ఆసామి మళ్లీ రాలేదట. ఎల్లస్వామి లోపలికి పోయేసరికి స్టూలు మీద ఇంకొకడు కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. మానుకోట దగ్గరి తండా మనిషి మాన్‌సింగ్. రైల్వేలో పాయింట్స్‌మన్, అంటే బండ్లకు పట్టాలు మార్చేవాడు.

ఆనాడు ముగ్గురూ కలిసి ఒక కట్టడి చేసుకున్నారు. "ముల్లు గీకినకొద్ది రికార్డు అరుగుతది. మనకు ఇంకోటి దొరకది. అందుకని ఏడాదికి ఒక్కసారే ఇందాం. దీపావళి పోయినంక వచ్చే ఐతారం, ఇదే దుకాణంల" అన్నాడు సోమనర్సయ్య. మాన్‌సింగ్ ఇంకొక షరతు కలిపాడు: పాట నడుస్తుంటే ఎవరూ నోరు తెరవొద్దు, అయిపోయాక ఒక్కొక్కరు ఈ ఏడు కొత్తగా ఏం వినబడిందో చెప్పాలి. చెప్పలేనివాడికి చాయ్ లేదు.

ఇరవై ఎనిమిదేళ్లు ఆ కట్టడి తప్పలేదు. రెండే పాటలు, అందులో ప్రతి ఏడూ ఏదో ఒక కొత్తది దొరికేది. డ్రమ్ము కొట్టే పద్ధతి గూడ్సు బండి పట్టాల అతుకుల మీద పోయే చప్పుడేనని మాన్‌సింగ్ కనిపెట్టాడు. "అది ఖాళీ డబ్బాల గూడ్సు. లోడు బండి గట్ల ఎగరది" అని వాదించాడు కూడా. రెండో పాటలో ఆషీ ఒకచోట ఊపిరి చాలక మాటను మింగేసి, తరువాతి మాటతో దాన్ని కప్పిపుచ్చాడని ఎల్లస్వామి చెప్పిన ఏడు మిగతా ఇద్దరూ లేచి ఆయన చేతులు పట్టుకున్నారు. ఇంట్లో పెండ్లాం పిలిస్తే పలకని మనిషికి ఈ చెవులు ఎక్కడివని సోమనర్సయ్య ఆశ్చర్యపోయాడు. ఎల్లస్వామికి మాత్రం ఈ లోకంలో ఆ ఒక్క స్టూలు మీద కూర్చున్నప్పుడే తనొక మనిషినన్న ధీమా కలిగేది.

రెండు వేల పదకొండు ఎండాకాలంలో మాన్‌సింగ్ ఫోన్ చేశాడు. "అన్నా, మనం అనుకున్నట్టు ఆషీ సచ్చిపోలేదే! కాజీపేటల్నే ఉన్నడు. అసలు పేరు ఆశీర్వాదం. గార్డుగ చేసి దిగిండు. పెన్షన్ కాయితాల కాడ కలిసిండు."

ఎల్లస్వామి ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు బత్తాయిపండ్లు కొనుక్కుని కాజీపేట పోయాడు. రెండు గదుల ఇంట్లో అరవై ఏడేళ్ల ముసలాయన ఒక్కడే ఉన్నాడు. భార్య పోయింది, కూతురు గుడివాడ దగ్గర టీచరు. ఆయన ఊరూ అదే. అరవై ఆరులో రైల్వే ఉద్యోగానికి కాజీపేట వచ్చి, ఇక కదలలేదు.

"రండి రండి. మా పాటలు విన్నవాళ్లు కూడా ఉన్నారాండీ!" అన్నాడు ఆశీర్వాదం.

ఎల్లస్వామి ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ గొంతుకు ఒక ఊరు ఉంటుందని, ఆ ఊరు కృష్ణాజిల్లాలో ఉంటుందని ఆయన ఎన్నడూ ఊహించలేదు. తరువాత అదీ మరిచిపోయి, ఇరవై ఎనిమిదేళ్ల ముచ్చట్లన్నీ గుమ్మరించాడు. గూడ్సు డబ్బాలు, మింగేసిన మాట, అన్నీ. ముసలాయన వింటూ వింటూ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్ని సంగతులు నాకే తెలియవండి. వాయించిన మేమూ ఇంత శ్రద్ధగా వాయించలేదు" అన్నాడు. ఆ వేసవిలో ఎల్లస్వామి అక్కడికి నాలుగుసార్లు పోయాడు. ల్యాంపు రూము గురించీ, బిళ్లల గురించీ ముసలాయన అడిగి అడిగి చెప్పించుకున్నాడు.

సెప్టెంబరులో రాష్ట్రం కోసం సకల జనులూ సమ్మెకు దిగారు. గనులు ఆగాయి. చౌరస్తాలో టెంటు వేశారు, రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే ఆట, పాట. అయితే గనిలో నీళ్లు నిండకుండా పంపులు నడపాలి కదా. ఆ పంపులు నడిపే నలుగురికి లైట్లు ఇవ్వడానికి ఎల్లస్వామిని మొదటి నాలుగు రోజులు డ్యూటీకి పొమ్మని సంఘంవాళ్లే చెప్పారు. పోయాడు. అయిదోనాడు టెంటుకు వస్తే వెనకనుంచి ఎవరో అన్నారు: "అగో, కంపెనీ మనిషొచ్చిండు. నీడపట్టు కొలువాయె, సమ్మెల గూడ నీడకే ఉన్నడు." అందరూ నవ్వారు. ఇప్పుడు చెప్పండి, ఆ ముల్లు ఎంత లోతుకు దిగి ఉంటుందో.

అప్పుడే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఆశీర్వాదం గారిని తీసుకొచ్చి ఈ టెంటులో పాడిస్తే! జనం కొట్టే చప్పట్లు ఆగాక, తను లేచి 'పిల్సుకొచ్చింది నేనే' అంటే!

బస్సులు బందు కాకముందే కాజీపేట పోయి అడిగాడు. ముసలాయన చాలాసేపు గోడకు ఆనించిన గిటారు వైపు చూశాడు. "ముప్ఫై మూడేళ్లయిందండి పాడి. పైగా నేను పాడొచ్చాండీ అక్కడ? నా మాట వింటే..."

"ఏంగాదు సారూ. నేనున్న గద" అన్నాడు ఎల్లస్వామి.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది, పాట కట్టాను, ఓసారి విని తప్పులుంటే చెప్పమని. ఎల్లస్వామి మళ్లీ పోయాడు. ఆశీర్వాదం మంచం అంచున కూర్చుని, గిటారు సవరించుకుని పాడాడు. తెలుగు పాట, ల్యాంపు రూము మీద.

"షిఫ్టు దిగింది, పొద్దు గుంకింది, దీపాలన్నీ తిరిగొచ్చాయి,
కొక్కేనికొక్క బిళ్ల మిగిలింది, ఎవరిదో చెప్పు తమ్ముడా..."

నాలుగు చరణాలు. మొదటిదానిలో మిగిలిన బిళ్ల. రెండోదానిలో ల్యాంపు మనిషి ఆ నంబరు పట్టుకుని గనిమోచి, అంటే గనిలోకి దిగే దారి, దగ్గరికి పోయి కేక వేస్తాడు. మూడోదానిలో గేటు బయట టిఫిను గిన్నెతో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆ మూడో చరణం దగ్గరే ఎల్లస్వామి ఒళ్లు జలదరించింది. ఆయన కళ్ల ముందు టెంటు నిండా జనం లేచి నిలబడ్డారు. తనను కంపెనీ మనిషి అన్నవాడే వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎక్కడ దొరికిండే ఎల్లన్నా గీ సారు?" అని అడుగుతున్నాడు. దానికి ఏం జవాబు చెప్పాలో ఆలోచిస్తుండగా గిటారు ఆగింది.

"ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండం సారూ" అన్నాడు ఎల్లస్వామి.

పాడే రోజుకు బస్సులు కూడా సమ్మెలోకి వచ్చేశాయి. ముసలాయన హన్మకొండ నుంచి పరకాల దాకా జీపులో, అక్కడినుంచి ట్రాలీ ఆటోలో గొర్రెపిల్లల మధ్య కూర్చుని భూపాలపల్లి చేరాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. గిటారు మాత్రం దుప్పటిలో చుట్టి పసిబిడ్డలా పట్టుకున్నాడు. ఎల్లస్వామి దాన్ని అందుకుని చౌరస్తా మలుపు దాకా మోశాడు. టెంటు కనబడగానే ఆగి దాన్ని తిరిగి ఇచ్చేశాడు.

"మీరు ముందుగాల పోండ్రి సారూ. మైకు కాడ చీటీ మీద పేరు రాసిస్తే పిలుస్తరు. నేను చాయ్ చెప్పొస్త."

ఎందుకట్లా చేశాడని తరువాత ఎన్నిసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడో లెక్క లేదు. చప్పట్లు పడ్డాక బయటపడితే మజా ఉంటుందని అనుకున్నాడు, నిజమే. చప్పట్లు పడకపోతే బయటపడక్కర్లేదన్న సంగతి కూడా మనసులో ఏదో మూల ఉండే ఉంటుంది. దాన్ని ఒప్పుకోవడానికే ఆయనకు నెలరోజులు పట్టింది.

పేరు పిలిచారు. ఆశీర్వాదం మైకు ముందుకు వచ్చి, పట్టీ మెడలో వేసుకుని, చేతులు జోడించాడు.

"అందరికీ నమస్కారమండి. నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యానండి. మీ సమ్మె కోసం ఓ పాట కట్టుకొచ్చాను, తప్పులుంటే..."

"అండి అంటున్నడు రో!" అని ఎవరో అరిచారు. "ఆంధ్రోడు! మైకు గుంజుకో!" ఇంకొకడు ముక్కుతో సాగదీస్తూ "ఏవండోయ్" అన్నాడు. టెంటంతా గొల్లుమంది.

ఆ కోపం ఉత్తదని చెప్పడం లేదు. సినిమాల్లో మన మాటను రౌడీల నోట, పనివాళ్ల నోట పెట్టి ఎన్నేళ్లు నవ్వుకోలేదు! ఎల్లస్వామి కూడా హాల్లో కూర్చుని, అందరూ నవ్వుతుంటే తల దించుకున్నవాడే. తన మాట విని ఒకరు నవ్వితే ఎట్లా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. తెలిసే కూర్చున్నాడు.

టెంటు బాధ్యత చూసే కొండల్ గబగబా వచ్చాడు. మంచి పిల్లవాడు, మర్యాద తెలిసినవాడు. అరిచేవాళ్లను చేత్తోనే ఆపి, ముసలాయన దగ్గరికి పోయాడు. "సార్, మీరు పెద్దమనిషి, మేం ఏమనం. కాని మిమ్ముల ఎవరు పిలిచిండ్రు? ఆ మనిషి లేచి ఒక్కమాట చెప్తే, మీరు మా మనిషే అంటే, నేనే పాడిపిస్త."

ఎంత సులువు చూడండి. ఒక్క మాట.

ఆశీర్వాదం టెంటు అంతా కలియజూశాడు. నాలుగో వరుసలో చాయ్ గ్లాసు పట్టుకున్న ఎల్లస్వామి దగ్గర ఆ చూపు ఆగింది. కొండల్ అటు తిరిగాడు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"ఏం ఎల్లన్నా, ఈ సారు నీకు ఎర్కేనా?"

ఎల్లస్వామి పక్కన కూర్చున్నవాడే, మొన్న కంపెనీ మనిషి అన్నవాడు. అతను కూడా తలతిప్పి చూస్తున్నాడు.

"నాకు ఎర్క లేదు" అన్నాడు ఎల్లస్వామి.

మైకు దగ్గర ముసలాయన ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు. "ఎవరూ పిలవలేదండి. ఇటు పోతూ పాటలు వినబడితే నేనే వచ్చాను. క్షమించండి." గిటారును మళ్లీ దుప్పటిలో చుట్టుకున్నాడు. నడిరోడ్డు ఎండలో, ఆటోలు లేని దారిన, పరకాల వైపు నడుస్తూ పోయాడు. కొండల్ ఒక పిల్లవాడికి మోటారుసైకిలు ఇచ్చి వెనకాల పంపాడు. ఎల్లస్వామి గ్లాసులో చాయ్ అట్లాగే చల్లారిపోయింది. కొంచెంసేపటికి మరొకరు వచ్చి పాడారు, జనం చప్పట్లు కొట్టారు, ఆయనా కొట్టాడు. ఆ చేతులు నరుక్కోవాలనిపించింది.

సమ్మె ముగిసింది. దీపావళి వచ్చింది. ఎండాకాలంలో ఉత్సాహం పట్టలేక ఎల్లస్వామి తనే ఆశీర్వాదం గారిని జనగామ కూడికకు పిలిచి ఉన్నాడు. ఇప్పుడు పోవాలా, మానాలా? పోకపోతే మాన్‌సింగ్ ఫోన్ మీద ఫోన్ చేస్తాడు. ముసలాయన రాడులే, ఏ ముఖం పెట్టుకుని వస్తాడు అనుకున్నాడు. అనుకున్నాక, ముఖం లేనిది తనకు కదా అని గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

దుకాణంలో అడుగుపెట్టేసరికి ఆశీర్వాదం గారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. గోడకు దుప్పటిలో గిటారు ఉంది.

"రా అన్నా, రా! సారు అంత చెప్పిండు" అని మాన్‌సింగ్ లేచి వాటేసుకున్నాడు. "మీ టెంటుల మస్తు చప్పట్లు కొట్టిండ్రట గద! పిల్సుకపోయి దగ్గరుండి పాడిపిచ్చినవట. గది అభిమానమంటే! మేం రెండు పాటలు వట్టుకొని ఏండ్లకేండ్లు ఏలాడినం, నువ్వు మనిషికే మళ్ల పాణం పోసినవ్."

ఎల్లస్వామి ముసలాయన వైపు చూశాడు. ఆయన రికార్డు అట్ట మీది అక్షరాలను చదువుతున్నట్టు తల దించుకున్నాడు. అయితే ఈయన ఇక్కడ కూడా తనను కాపాడాడు. తిట్టి ఉంటే బాగుండేది, ఆ తిట్టు పట్టుకుని కాస్త ఊపిరి పీల్చుకునేవాడు.

సోమనర్సయ్య రికార్డు తుడిచి ముల్లు దించాడు. రెండు పాటలూ నడిచాయి. ఎవరూ మాట్లాడలేదు. ముసలాయన తన పడుచు గొంతు వింటూ మోకాలి మీద వేళ్లు ఆడించాడు.

"ఈ ఏడు కొత్తది" అన్నాడు సోమనర్సయ్య. తనకు చివర ఎక్కడో దూరంగా ఇంజను కూత వినబడిందన్నాడు. మాన్‌సింగ్ మొదటి పాటలో ఒకచోట గిటారాయన తొందరపడ్డాడన్నాడు. "సారూ, మీరు?"

"రెండో పాట మొదట్లో కుర్చీ కిర్రుమందండి. అది మా బ్యాండులో డేవిడ్ కూర్చున్న కుర్చీ. ఒక కాలు పొట్టి. అప్పుడే మార్చమన్నాను" అని నవ్వాడు ఆశీర్వాదం. ముగ్గురు అభిమానులు ఇన్నేళ్లుగా వినని చప్పుడు అది. సోమనర్సయ్య మళ్లీ వేసి చూడాలని చెయ్యి చాపి, కట్టడి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"ఎల్లస్వామన్నా, ఇగ నువ్వు."

"నాకేం వినవళ్లే. నాకు చాయ్ వద్దు" అన్నాడు. లేచి పోదామనుకున్నాడు. వాకిలి రెండు అడుగుల దూరంలోనే ఉంది. ఇప్పుడు కూడా లేచి పోతే ఇక పోవడమే మిగులుతుందని తోచి కూర్చుండిపోయాడు.

"సారు చెప్పింది అబద్ధం. చప్పట్లు లెవ్వు. పాటే లేదు. ఆంధ్రోడని ఎల్లగొట్టిండ్రు. నేను ఆడనే కూసున్న. ఎవరు పిల్సిండ్రని కొండల్ అడిగిండు. ఈ సారు నీకు ఎర్కేనా అని నన్నే అడిగిండు. నేను ఎర్క లేదన్న."

ప్లేయరు పళ్లెం ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు.

"పోనివ్వండి" అన్నాడు ఆశీర్వాదం. "ఆ గోలలో మీరేమన్నారో నాకు వినబడలేదండి. ముసలి చెవులు."

కుర్చీ కాలు కిర్రుమనడం విన్న చెవులు అవి. మాన్‌సింగ్ తల అటు తిప్పుకున్నాడు.

"వినవడ్డది సారూ" అన్నాడు ఎల్లస్వామి. "మైకుల వినవడ్డది. నేనన్నది ఇన్నంకనే మీరు ఎవరు పిలవలేదన్నరు."

ముసలాయన రికార్డు అట్టను పక్కన పెట్టాడు. "వినబడిందండి" అన్నాడు.

అంతే. పరవాలేదనలేదు. ఎల్లస్వామి కూడా క్షమించమని అడగలేకపోయాడు. అడిగితే ఆయన క్షమిస్తాడని తెలుసు, అందుకే నోరు రాలేదు. చాయ్ వచ్చింది. సోమనర్సయ్య అందరి ముందూ గ్లాసులు పెట్టాడు, ఎల్లస్వామి ముందు కూడా. మాన్‌సింగ్ మెల్లగా ఆ పాట ఇక్కడ పాడమని అడిగాడు. ఆశీర్వాదం తల అడ్డంగా ఊపాడు. "అది ఆ టెంటు కోసం కట్టిందండి. ఇక్కడ పాడితే ఊరికే పాడినట్టు ఉంటుంది." మరి గిటారు ఎందుకు తెచ్చాడో ఎవరూ అడగలేదు. స్టేషన్‌కు పోయేటప్పుడు ఎల్లస్వామి దాన్ని ఎత్తబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇటివ్వండి, నేను తెచ్చుకుంటాను" అన్నాడు. మాటలో కోపం లేదు.

ఆ తరువాత రెండేళ్లలో ఎల్లస్వామి మూడుసార్లు కాజీపేట పోయాడు. మూడుసార్లూ ఆ వీధి మలుపు దాకా పోయి, లోపల దీపం చూసి, తిరిగి వచ్చాడు. రెండు వేల పదమూడు చలికాలంలో మాన్‌సింగ్ ఫోన్ చేశాడు. ఈసారి ఆషీ నిజంగానే పోయాడు. కూతురు వచ్చి సామాను గుడివాడ తీసుకుపోయింది. పాటల కాగితాలు ఏమైనా ఉన్నాయా అని మాన్‌సింగ్ అడిగితే, నాన్న ఏదీ రాసుకునేవాడు కాదు, అన్నీ నోటికే అన్నదట.

మరుసటి ఏడు రాష్ట్రం వచ్చింది. భూపాలపల్లిలో రంగులు చల్లుకున్నారు, టపాకాయలు కాల్చారు. ల్యాంపు రూము కిటికీలోంచి మిఠాయిలు అందించారు. ఎవరో "ఎల్లన్నా, మన టెంటోల్లం గెలిచినమే!" అన్నారు. ఎల్లస్వామి మిఠాయి తీసుకుని పక్కన పెట్టాడు.

ఆ దీపావళి తరువాతి ఆదివారం జనగామలో రికార్డు వేయలేదు. సోమనర్సయ్య కొత్త ఫోన్ కొన్నాడు, మాటలు పట్టుకునేది. "ఈసారి ఆ రెండు పాటలు వద్దు. సారు కట్టిన తెలుగు పాట ఈ లోకంల ఇన్నది నువ్వొక్కనివే. నీ చెవులు మాకు ఎర్కే. పాడు, పట్టుకుంటం. లేకపోతే అది నీతోనే పోతది."

ఎల్లస్వామి వద్దనలేదు. ఫోన్ ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, తనకు రాని రాగంలో పాడాడు. కొక్కేనికి మిగిలిన బిళ్ల వచ్చింది. గనిమోచి దగ్గర కేక వచ్చింది. గేటు బయట టిఫిను గిన్నెతో ఆడమనిషి వచ్చి నిలబడింది. ఒక్క మాట పొల్లుపోలేదు. ముసలాయన ఊపిరి తీసుకున్న చోటే ఊపిరి తీసుకున్నాడు. మాన్‌సింగ్ కండ్లు తుడుచుకున్నాడు.

పాట ఆగింది. ఫోన్‌లో ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.

"ఇంకో చరణం ఉన్నదన్నవు గద?" అన్నాడు సోమనర్సయ్య.

ఉంది. ఎల్లస్వామి దాని కోసం మూడేళ్లుగా వెతుకుతున్నాడు. మంచం అంచున కూర్చున్న ముసలాయన కనబడుతున్నాడు, వేళ్లు కదులుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి. కానీ ఆ పెదవుల వెంట వచ్చేది తన టెంటు చప్పట్లే. ఆ చరణం నడిచినంతసేపూ ఆయన తనను మెచ్చుకునే జనానికి జవాబు తయారు చేసుకుంటూ కూర్చున్నాడు. వినలేదు.

మాన్‌సింగ్ ముందుకు వంగాడు. "చెప్పే అన్నా. ఆఖరుకు ఏమైంది? ఆ బిళ్ల మనిషి పైకొచ్చిండా, లేదా?"

ఎల్లస్వామి ఆ ఎర్రచుక్కకేసి చూశాడు.

"నాకు ఎర్క లేదు" అన్నాడు.